పుర్రచేతి నత్త

మా లంకలో రాయి పుట్టదు.
ఎంత లోతు తవ్వినా ఒండ్రు, ఇసుక, మళ్ళీ ఒండ్రు.
కాకిని అదిలించాలన్నా
కొబ్బరిపిందె వెతుక్కునేవాళ్ళం.
అలాంటి ఊరికి ఆ ఏడు
లారీల మీద రాళ్ళొచ్చాయి.
వశిష్ఠ గట్టు కోసుకుపోతోందని
మెట్ట క్వారీల నుంచి, రోజుకు పద్దెనిమిది ట్రిప్పులు.

రాళ్ళతో పాటే దిగాడు కాపలాదారు,
గంధం ఇస్సాకు.
తార్పాలిన్ పాక, కిరసనాయిలు స్టవ్వు, మొలలో పేక.
మూడు నెలల జీతం రమ్మీలో పోయిందని
తనే చెప్పేవాడు, గొప్పగా, కొంచెం సిగ్గుగా.
ఆ పేకని భార్య పొయ్యిలో పెట్టిందిట.
ఇది వేరే పేక.

శుభలేఖల అట్టలు కోసి చేసుకున్నది.
వెనక్కి తిప్పితే ఎవరివో సుముహూర్తాలు,
సగానికి తెగిన పెళ్ళికూతుళ్ళ పేర్లు.
ముందువైపు బాల్‌పెన్నుతో నత్తలు, ఆల్చిప్పలు.
కింద నల్లరాయి, పైన నల్లరాయి,
నడుమ పూతరేకు మడతలో బెల్లప్పొడిలా
తెల్లటి పొర ఒకటుంటుందిట క్వారీలో.
దాని పెళ్ళలు మా గుట్టలోకీ దొర్లుకొచ్చాయి.
"నా ముక్కలన్నీ వాటిల్లోవే" అన్నాడు.

ఆట రమ్మీయే, పదమూడు ముక్కలు.
సీక్వెన్సు అంటే మాత్రం
ఒకే ప్రాణి నిండుగా ఉన్నది,
విరిగినది,
తను పోయి అచ్చు ఒక్కటే మిగిలినది.
ముక్క ఎత్తితే పేరు చెప్పాలి.
మేం పెట్టుకున్న పేర్లే:
మరమేకు, గాజులచిప్ప, దోసగింజ, ముసలమ్మ చెవి.
షో అన్నవాడు గుట్టెక్కి
ఒక్కటైనా రాయిలో చూపించాలి.
అబ్బులు ఒకసారి షో చెప్పి
చీకటిపడేదాకా దిగలేదు.

జోకర్లు రెండు. చిన్న చిన్న కొమ్మల బొమ్మలు.
"నాచు!" అంది వీరమణి.
"కాదు. పగుల్లో పాకిన మరక. ఎన్నడూ బతకలేదది.
రాయి కూడా కోతలు కోస్తుందే పిల్లా."

నాకు పంచే వంతొచ్చింది.
"పుర్రచేత్తో పంచకే, దరిద్రం" అన్నాడు అబ్బులు.
అన్నం దగ్గరా పలక దగ్గరా విన్నదే కదా,
చెయ్యి మార్చుకోబోయాను.
ఇస్సాకు పేకలోంచి ఒక ముక్క లాగాడు.
"మొన పైకి పెట్టు. నోరు నీవైపు తిప్పు.
ఎటు తెరుచుకుంది?"
ఎడమకి.
మిగతా నత్తల్ని నిలబెట్టి చూశాం.
కుడి. కుడి. కుడి. అన్నీ కుడే.
"ఇదొక్కతే పుర్రచెయ్యి. ఉప్పునీటిది కాదిది.
సముద్రం వెనక్కెళ్ళినప్పుడు
అక్కడ మంచినీళ్ళు నిలిచాయని ఎవరు చెప్పారనుకున్నావు?
కుడిచేతివాళ్ళయితే చెప్పలేదు."
అబ్బులు ముక్కు గోక్కున్నాడు.
నేను పంచాను.

జూలైలో పోలీసులు పాక మీద పడ్డారు.
టార్చి వేసి ముక్కలు తిరగేసి, మరగేసి
"రాజేడిరా?" అన్నాడు కానిస్టేబుల్.
"రాజుల్లేరండి. అందరూ నత్తలేనండి."
ఎవరూ నవ్వలేదు.
పేకని మాత్రం సాక్ష్యంగా పట్టుకెళ్ళారు.

వరద ముందే గుట్టంతా గట్టుకి దింపేశారు.
ఒకప్పుడు సముద్రంలో పడుకున్న రాయి
సముద్రానికి పోయే నీళ్ళకి అడ్డం నిలబడింది.
చివరి లారీ ఖాళీగా తిరిగెళ్తుంటే
వెనక తొట్టిలో స్టవ్వు ఒళ్ళో పెట్టుకుని
ఇస్సాకు వెళ్ళిపోయాడు.
ఏ ఊరో అడగాలని మాకు తోచలేదు.

మొన్న అటక దులుపుతుంటే
నా శుభలేఖలే ఒక కట్ట దొరికింది, పంచగా మిగిలినవి.
కత్తెర తీసుకున్నాను.
నా పేరు రెండు ముక్కల్లో పడింది, పడనీ.
ముందుగా ఆ నత్తనే గీశాను, పుర్రచేత్తోనే.
ఆరబెట్టి చూస్తే నోరు కుడికి తెరుచుకుని ఉంది.
ఇన్నేళ్ళూ ఎటని గుర్తుపెట్టుకున్నానో!

ఏరు తీసి ఉంది.
చెప్పులు గట్టు మీద వదిలి
రాళ్ళ మీదుగా నీటిదాకా దిగి
నాలుగో వరసలో తెల్లపెళ్ళ దగ్గర కూర్చున్నాను.
కొంగుతో బురద తుడిచాను.
మొన పైకి.
నోరు నావైపు.